వెబినార్లు నడిపే సంస్థలకు బహిరంగ లేఖ: అవతల ఫోన్లో వింటున్న మనిషికి ఏం చేరుతోందో చూడండి

వృత్తి శిక్షణ సంస్థల బాధ్యులకు, వృత్తి సంఘాల కార్యవర్గాలకు, ఆన్‌లైన్‌లో పాఠం చెప్పే వక్తలకు,

నమస్కారం.

మేము ఆన్‌లైన్ శిక్షణలకు, సమావేశాలకు సాంకేతిక బాధ్యత చూసేవాళ్లం. లింకు తయారు చేయడం, వక్తల మైకులు సరిచూడడం, చాట్ గమనించడం, రికార్డింగు దాచి అందరికీ పంపడం మా పని. ప్రతి కార్యక్రమం ముగిశాక లోపాలు రాసి పంపుతూనే ఉన్నాం. పాల్గొన్నవాళ్లూ అభిప్రాయ పత్రాల్లో అవే రాస్తున్నారు. వాటిని ఎవరైనా చదివిన జాడ మాత్రం లేదు. మరుసటి కార్యక్రమం మళ్లీ అవే లోపాలతో మొదలవుతోంది. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాం.

ప్రయాణం, బస, సెలవు అవసరం లేకుండా పాఠం మనిషి ఉన్న చోటికే చేరేలా చేశారు. ఆ మేలు నిజమైనది, దానికి కృతజ్ఞులం. అయితే హాల్లో జరగాల్సిన సభనే ఉన్నదున్నట్టు కెమెరా ముందు పెట్టి వెబినార్ అంటున్నారు. నిర్వాహకుల గదిలో పెద్ద తెర, కేబుల్ నెట్, మంచి స్పీకర్లు ఉంటాయి కాబట్టి అక్కడ అంతా సవ్యంగానే కనిపిస్తుంది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్తూ ఇయర్‌ఫోన్లో వింటున్న నర్సుకు, మొబైల్ డేటా పొదుపుగా వాడుకునే ఉపాధ్యాయుడికి, ఆఫీసు నెట్‌వర్కు ఫైర్‌వాల్ (రాకపోకలను వడపోసే రక్షణ గోడ) వెనక కూర్చున్న అకౌంటెంటుకు ఎంత చేరుతోందో ఎవరూ చూడడం లేదు. లైసెన్సు కొనసాగాలన్నా పదోన్నతి రావాలన్నా ఈ శిక్షణ గంటలు తప్పనిసరి అని మీరే నిబంధన పెట్టారు. తప్పనిసరి చేసినప్పుడు, అవి అందేలా చూసే బాధ్యత కూడా మీదే అవుతుంది.

మా అభ్యర్థనలు ఇవి.

1. ముందు శబ్దం సరిచేయండి.

బొమ్మ మసకబారినా పాఠం నడుస్తుంది. మాట తెగితే అక్కడితో ఆగిపోతుంది. అయినా తెర వెనక బ్యానరుకు పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా మైకుకు పెట్టడం లేదు.

మైకుకూ నోటికీ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ గొంతు స్థాయి సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. హెడ్‌సెట్ మైకు నోటికి 4 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ల్యాప్‌టాప్ మైకు 60 సెంటీమీటర్లకు పైనే. 4 నుంచి 64 దాకా నాలుగు రెట్టింపులు, అంటే దాదాపు 24 డెసిబెల్స్ తేడా. గదిలో ఫ్యాను చప్పుడు, గోడల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం తగ్గవు. తగ్గిన గొంతును సాఫ్ట్‌వేర్ తనంతట తానే పెంచుతుంది, దాంతోపాటు ఫ్యాను చప్పుడూ పెరుగుతుంది. శ్రోతకు బావిలోంచి మాట్లాడినట్టు వినిపించడానికి కారణం ఇదే. వాళ్ల నెట్ బాగోలేదని సరిపెట్టుకుంటే లోపం ఎప్పటికీ దొరకదు.

బ్లూటూత్ హెడ్‌సెట్ పెట్టుకుంటే సరిపోతుందని చాలామంది వక్తలు నమ్ముతారు. చాలా హెడ్‌సెట్లలో పాటలు వినే పద్ధతి వేరు, ఫోన్ మాట్లాడే పద్ధతి వేరు. మైకు ఆన్ కాగానే అది రెండో పద్ధతిలోకి మారుతుంది. అప్పుడు శబ్దాన్ని సెకనుకు 8 వేలసార్లో 16 వేలసార్లో మాత్రమే నమోదు చేస్తుంది. 8 వేలైతే 4 వేల హెర్ట్జ్‌కు పైనున్న ధ్వని అంతా పోతుంది. స లాంటి అక్షరాల ప్రాణం ఎక్కువగా ఆ పైభాగంలోనే ఉంటుంది. ఒకేలా వినిపించే రెండు మందుల పేర్లను విడదీసి చెప్పే పాఠంలో ఆ అక్షరాలే పోతే వినేవాళ్లు ఏం రాసుకోవాలి? తీగ ఉన్న మామూలు ఇయర్‌ఫోన్ దీనికన్నా ఎంతో నయం.

ఒకే గదిలో ఇద్దరు వక్తలు రెండు ల్యాప్‌టాప్‌లు తెరిస్తే కూత పుడుతుంది. ప్రతి యంత్రమూ తన స్పీకర్లోంచి వచ్చిన శబ్దాన్ని గుర్తుపట్టి తన మైకులోంచి తీసేయగలదు. పక్క యంత్రం స్పీకర్ సంగతి దానికి తెలియదు. గదిలో ఒక్క యంత్రానికే మైకూ స్పీకరూ ఉండాలి, రెండోదాని ఆడియో కనెక్షనే తీసేయాలి. మ్యూట్ ఒక్కటే చాలదు, దాని స్పీకర్ ఇంకా మోగుతూనే ఉంటుంది.

సగంమంది హాల్లో, సగంమంది ఆన్‌లైన్‌లో ఉండే సభల్లో అన్యాయం మరీ ఎక్కువ. హాల్లో ఒకరు మైకు లేకుండా లేచి ప్రశ్న అడుగుతారు, వేదిక మీదివాళ్లు తలూపి జవాబిస్తారు. ఆన్‌లైన్ వాళ్లకు ప్రశ్నే వినిపించదు, జవాబు దేనికో అర్థం కాదు. హాలు మైకులన్నీ కలిసే మిక్సర్ నుంచి నేరుగా కంప్యూటర్‌కు తీగ కలపాలి. ఆన్‌లైన్ నుంచి వచ్చే గొంతు హాలు స్పీకర్లకు వెళ్లాలి గానీ తిరిగి ఆన్‌లైన్‌కు వెళ్లకూడదు. వెళ్తే మాట్లాడినవాళ్లకు తమ గొంతే అర సెకను ఆలస్యంగా వినిపించి నోరు ఆగిపోతుంది. సౌండ్ ఆపరేటర్లు దీన్నే మిక్స్ మైనస్ అంటారు. అద్దెకు తెచ్చుకునే ముందు ఆ మిక్సర్‌కు విడిగా ఆక్జిలరీ అవుట్‌పుట్ (కోరిన గొంతులనే కలిపి బయటికి పంపే మార్గం) ఉందో లేదో అడగండి.

మేం కోరేది: ప్రతి వక్తకూ తీగ ఉన్న హెడ్‌సెట్, కార్యక్రమానికి 30 నిమిషాల ముందు అదే గదిలో, అదే యంత్రంతో మైకు పరీక్ష, హాల్లో అడిగిన ప్రతి ప్రశ్ననూ జవాబుకు ముందు మైకులో మళ్లీ చెప్పే నియమం.

2. అవతలివాళ్ల డేటా లెక్క వేయండి.

మాట ఒక్కటే అయితే సెకనుకు 60 నుంచి 80 కిలోబిట్లు చాలు. గంటకు 36 ఎంబీకి మించదు. మామూలు వీడియోకు సెకనుకు 600 కిలోబిట్లు అనుకుంటే గంటకు 270 ఎంబీ. అదే 1.2 మెగాబిట్లకు చేరితే గంటకు 540 ఎంబీ. మూడు గంటల శిక్షణలో ఒకరికి వంద ఎంబీ ఖర్చైతే, ఇంకొకరికి ఒకటిన్నర జీబీ దాటిపోతుంది. ఈ తేడా ఎక్కువగా వేదిక మీద వరుసగా కూర్చుని, మాట్లాడకుండా కనిపించే ఆరేడుగురి కెమెరాల వల్ల వస్తోంది.

మాట్లాడేవారి కెమెరా ఒక్కటే ఉంచండి. స్లైడ్లు మొదలయ్యాక ఆ ఒక్కటీ ఆపొచ్చు. స్లైడ్లను ముందురోజే పీడీఎఫ్‌గా పంపితే, నెట్ బలహీనంగా ఉన్నవాళ్లు మాట మాత్రం వింటూ పేజీలు తమ ఫోన్లో తిప్పుకుంటారు. అప్పుడు వక్త స్లైడు మార్చినప్పుడల్లా దాని సంఖ్య పైకి చెప్పాలి. మామూలు ఫోన్ కాల్‌తో చేరే నంబరు మీరు వాడే సర్వీసులో ఉంటే ఆహ్వానంలోనే ఇవ్వండి. చాలా ఆహ్వానాల్లో ఆ వరుసను చెత్తగా భావించి తొలగిస్తున్నారు. కొందరికి సభలోకి ఉన్న దారి అదొక్కటే.

3. స్లైడును ఫోన్లో చూసి ఆ తర్వాత పంపండి.

మామూలు వెడల్పాటి స్లైడు ఎత్తు ఏడున్నర అంగుళాలు, అంటే 540 పాయింట్లు. ఫోన్ నిలువుగా పట్టుకుంటే ఆ స్లైడు సుమారు 7 సెంటీమీటర్ల వెడల్పు, 4 సెంటీమీటర్ల ఎత్తులో ఇమిడిపోతుంది. 24 పాయింట్ల అక్షరం అక్కడ 1.8 మిల్లీమీటర్లు. 12 పాయింట్లదైతే ఒక మిల్లీమీటరు కూడా లేదు. తెలుగు అక్షరానికి ఆ కొలతలోనే పైన గుడి, కింద వత్తు కూడా పట్టాలి కాబట్టి అసలు అక్షరం ఇంకా చిన్నదవుతుంది. ఫోన్ అడ్డంగా తిప్పినా 24 పాయింట్ల అక్షరం 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, అంతే.

కాబట్టి 28 పాయింట్లకు తగ్గొద్దు. పదిహేను వరుసల పట్టిక చూపించాల్సి వస్తే దాన్ని విడిగా ఫైలుగా పంపి, తెర మీద అందులో చర్చించే మూడు వరుసలే పెట్టండి. వీడియో చూపించేటప్పుడు స్క్రీన్ షేర్‌లో కంప్యూటర్ శబ్దాన్ని కూడా పంచే గడిలో టిక్ పెట్టాలి. అది మరిచిపోతే నిర్వాహకుల గదిలో వీడియో బ్రహ్మాండంగా మోగుతుంది, మిగతావాళ్లందరూ మూగబొమ్మలు చూస్తారు. దీనికన్నా తరచుగా జరిగే పొరపాటు మాకు తెలిసి మరొకటి లేదు.

4. ఆలస్యం ఎక్కడ పుడుతోందో తెలుసుకుని ఆపండి.

మాట ఒకరి నోటి నుంచి మరొకరి చెవికి చేరడానికి 150 మిల్లీసెకన్లలోపు పడితే సంభాషణ సహజంగా నడుస్తుందని, 400 దాటకుండా చూడాలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ జి.114 సిఫార్సు చెబుతోంది. ఆ హద్దు దాటితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టడం, ఇద్దరూ ఒకేసారి ఆగడం, మీరు చెప్పండంటే మీరు చెప్పండని పావు గంట పోవడం జరుగుతాయి.

కాన్ఫరెన్స్ సాఫ్ట్‌వేర్లు మాటను, బొమ్మను వీలైనంత వరకు యూడీపీ అనే పద్ధతిలో పంపుతాయి. ఒక ప్యాకెట్ (డేటా ముక్క) దారిలో పోతే దాన్ని వదిలేసి ముందుకెళ్తాయి. ఆ చిన్న ఖాళీ చెవికి పెద్దగా తెలియదు. చాలా ఆఫీసుల ఫైర్‌వాల్ యూడీపీని ఆపేస్తుంది. అప్పుడు సాఫ్ట్‌వేర్ టీసీపీ అనే మరో పద్ధతికి, 443 పోర్టు (డేటా వెళ్లే ద్వారం) మీదికి మళ్లుతుంది. టీసీపీ పోయిన ప్యాకెట్ తిరిగొచ్చే దాకా వెనకున్నవాటన్నిటినీ ఆపుతుంది. మాట కాసేపు ఆగి, ఆ తర్వాత గబగబా ఒక్కసారిగా దొర్లుతుంది. ఆఫీసు వీపీఎన్ (బయటి యంత్రాన్ని ఆఫీసు నెట్‌వర్కుకు కలిపే రహస్య దారి) మీద నడిస్తే మాట ముందు ప్రధాన కార్యాలయానికి వెళ్లి అక్కడి నుంచి బయటికి పోతుంది, అది అదనపు ఆలస్యం. ఇంటర్నెట్ వేగం కొలిచి అంతా బాగుందని తేల్చేస్తే ఈ రెండూ బయటపడవు.

మీ ఉద్యోగులు ఆఫీసు నుంచే శిక్షణ తీసుకోవాలంటే నెట్‌వర్క్ విభాగానికి రాతపూర్వకంగా చెప్పి, సర్వీసు ప్రకటించిన యూడీపీ పోర్టులు తెరిపించండి. జూమ్‌కు 8801 నుంచి 8810, టీమ్స్‌కు 3478 నుంచి 3481. కాన్ఫరెన్స్ ట్రాఫిక్ వీపీఎన్ బయట నుంచి వెళ్లేలా అమర్చండి. వక్త వైఫై మీద ఆధారపడకుండా కేబుల్ పెట్టుకోవాలి.

ఇంకో ఆలస్యం మీరే పుట్టిస్తున్నారు. వెబినార్‌ను యూట్యూబ్ లైవ్‌లోకి మళ్లిస్తే అక్కడ చూసేవాళ్లు కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా వెనకబడి ఉంటారు. వక్త ‘ప్రశ్నలున్నాయా?’ అని అడిగి ఐదు సెకన్లు చూసి ముగించేస్తున్నారు. ఆ మాట వాళ్ల చెవిన పడేసరికి సభ అయిపోతోంది. అక్కడివాళ్ల ప్రశ్నలు కావాలంటే పిలుపునిచ్చాక కనీసం నిమిషం ఆగండి. ఒద్దనుకుంటే లైవ్‌లో ప్రశ్నలు తీసుకోబోమని ముందే చెప్పండి.

5. మూడు గంటలు ఏకబిగిన కూర్చోబెట్టకండి.

హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో ఒక ప్రయోగం ప్రచురించారు. 21 నిమిషాల గణాంక శాస్త్ర వీడియో పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి, ప్రతి ముక్క తర్వాత కొందరికి చిన్న పరీక్ష పెట్టారు. వాళ్లలో మనసు పక్కకు మళ్లడం పరీక్ష లేనివాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గింది. రాసుకున్న నోట్సు పెరిగింది, చివరి పరీక్షలో మార్కులూ పెరిగాయి. ఇందులో మీకు కొత్త ఖర్చేమీ లేదు. కాన్ఫరెన్స్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పోల్ బొత్తాన్ని వాడితే చాలు.

స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు జెరెమీ బెయిలెన్సన్ 2021లో వీడియో సమావేశాల అలసటకు నాలుగు కారణాలు చూపారు: ముఖాలు మరీ దగ్గరగా, కళ్లలో కళ్లు పెట్టినట్టు ఉండడం, తన ముఖాన్ని తానే గంటల తరబడి చూసుకోవడం, కదలకుండా కూర్చోవాల్సి రావడం, సైగలు పంపడానికీ పట్టుకోవడానికీ మెదడు అదనంగా శ్రమించడం. కెమెరా తప్పనిసరి అన్న మీ నియమం వీటన్నిటినీ ఒకేసారి మోపుతోంది. ఇంట్లో ఒక్కటే గది ఉన్నవాళ్లకు అది ఇబ్బంది కూడా.

పాఠాన్ని 15, 20 నిమిషాల ముక్కలుగా చేయండి. ముక్కకు ఒక ప్రశ్న, గంటకు పది నిమిషాల విరామం ఉండాలి. కెమెరాను ఇష్టానికి వదలండి. చిన్న గుంపుల చర్చ పెడితే నలుగురైదుగురికి మించకుండా, కనీసం పన్నెండు నిమిషాలు ఇవ్వండి. ఐదు నిమిషాల గదుల్లో పరిచయాలే పూర్తికావడం లేదు.

6. నెట్ పోయినందుకు హాజరు తీసేయడం మానండి.

ఇది మమ్మల్ని అన్నిటికన్నా బాధించే విషయం. ఒకరికి రెండుసార్లు లైను తెగి మళ్లీ చేరితే, హాజరు నివేదికలో ఆ పేరు మూడు వరుసల్లో వస్తుంది. మీ కార్యాలయం మొదటి వరుస చూసి ‘22 నిమిషాలే ఉన్నారు’ అని సర్టిఫికెట్ నిరాకరిస్తోంది. ఫోన్ నుంచి చేరినవాళ్ల పేరు చోట ఫోన్ మోడల్ పేరు పడితే వాళ్లు అసలు రానట్టే లెక్కవుతోంది. ఏడాదంతా కూడబెట్టిన గంటలు ఒక్క వరుస తేడాతో పోయి, లైసెన్సు పొడిగింపు ఆగుతోంది.

ఒకే ఈమెయిల్‌తో ఉన్న వరుసలన్నీ కలిపి నిమిషాలు కూడండి. పేరు మార్చుకోవడం ఎలాగో మొదటి ఐదు నిమిషాల్లో చెప్పండి. నివేదిక వెలువడ్డాక అభ్యంతరం చెప్పుకోవడానికి కనీసం ఏడు రోజుల గడువు ఇవ్వండి.

మనిషి తెర ముందు ఉన్నాడో లేదో కనిపెట్టే ఏర్పాట్లు కూడా వద్దు. పాల్గొనేవాళ్లు 30 సెకన్లకు మించి వేరే విండోలోకి వెళ్తే చూపించే సదుపాయం ఒకప్పుడు జూమ్‌లో ఉండేది, 2020 ఏప్రిల్‌లో ఆ కంపెనీయే దాన్ని తీసేసింది. విండో ముందుందంటే మనిషి నేర్చుకుంటున్నట్టు కాదు. నేర్చుకున్నారో లేదో తెలియాలంటే చివర పది ప్రశ్నల పరీక్ష పెట్టండి, రెండోసారి రాసే అవకాశమూ ఇవ్వండి.

7. ఒక్కరి మీద నడపకండి.

హోస్ట్ ఒక్కరే ఉండి, వాళ్లకే కరెంటు పోతే వెయిటింగ్ రూమ్‌లో ఉన్నవాళ్లను లోపలికి రానిచ్చేవాళ్లు ఉండరు. కనీసం ఇద్దరు కో-హోస్టులు, వేర్వేరు చోట్ల, వేర్వేరు నెట్ కనెక్షన్ల మీద ఉండాలి. ఒకరు తలుపు చూసుకుంటే ఒకరు ప్రశ్నలు చూసుకోవాలి. లింకును బహిరంగంగా పెట్టాల్సి వస్తే వెబినార్ పద్ధతి (చూసేవాళ్లు తమంతట తాము మాట్లాడలేని, తెర పంచలేని పద్ధతి) వాడండి. మీటింగ్ పద్ధతే వాడితే స్క్రీన్ షేర్ హోస్ట్‌కే పరిమితం చేయండి. ఉచిత ఖాతాతో నడిపి జూమ్ 40 నిమిషాలకు మూసేస్తే, మళ్లీ కొత్త లింకు పంపి వెతికించడం వందల మంది సమయాన్ని పారేయడమే.

8. వినలేనివాళ్లను, ఆలస్యంగా చూసేవాళ్లను మరవకండి.

ప్రత్యక్ష ప్రసారంలో మాటకు అక్షరరూపం ఉండాలన్నది వెబ్ అందుబాటు ప్రమాణాల్లో 2008 నుంచీ ఏఏ (మధ్య) స్థాయి నిబంధన. యంత్రం రాసే క్యాప్షన్లు సాంకేతిక పదాలను, సంఖ్యలను తప్పు రాస్తాయి. కీలకమైన మోతాదులు, తేదీలు, సెక్షన్ నంబర్లు స్లైడు మీద కూడా ఉండాలి. సంజ్ఞా భాషా అనువాదకులు ఉంటే వాళ్ల బొమ్మ రికార్డింగులోనూ పడుతోందో లేదో ముందురోజే రెండు నిమిషాలు రికార్డు చేసి చూడండి.

రికార్డింగు 48 గంటల్లో అందాలి, ఏ అంశం ఏ నిమిషంలో ఉందో సూచికతో సహా. సొంత కంప్యూటర్లో రికార్డు చేసేవాళ్లు సభ ముగిశాక ఫైలు మార్పిడి పూర్తయ్యే దాకా యంత్రం ఆపకూడదు. మూత మూసి వెళ్లిపోవడం వల్లే చాలా రికార్డింగులు పాడవుతున్నాయి. రికార్డు చేస్తున్నామన్న మాట మొదట్లోనే చెప్పాలి. పాల్గొన్నవాళ్లు అడిగిన ప్రశ్నలను పేర్లతో సహా బయటపెట్టేముందు వాళ్ల అనుమతి తీసుకోవాలి.

9. వేర్వేరు దేశాలవాళ్లు చేరే సభలకు వేళను యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) కూడా రాయండి. కొన్ని దేశాలు ఏడాదికి రెండుసార్లు గడియారం గంట జరుపుతాయి. ‘మామూలు వేళకే’ అన్న ఆహ్వానం నమ్మి చేరినవాళ్లు ఆ వారాల్లో గంట ముందో గంట తర్వాతో ఖాళీ తెర చూస్తున్నారు.

ఇవన్నీ ఒక్క రోజులో కావని మాకు తెలుసు. 1, 2, 6 అంశాలకు మామూలు హెడ్‌సెట్లు తప్ప కొత్త పరికరాలు పెద్దగా అక్కర్లేదు, రాబోయే కార్యక్రమం నుంచే అమలు చేయండి. మిగతావాటిలో ఏది ఎప్పటికి చేస్తారో, ఏది చేయలేరో ఈ లేఖ అందిన 30 రోజుల్లో రాతపూర్వకంగా ప్రకటించండి. పరీక్షల జాబితా, వక్తలకు ఇచ్చే సూచనల పత్రం తయారు చేసి ఇవ్వడానికి మేం సిద్ధం.

దానికి ముందు ఒక్క పని చేయమని కోరుతున్నాం. మీ తర్వాతి వెబినార్ జరిగేటప్పుడు కార్యవర్గంలో ఒకరు నిర్వాహకుల గదిలో కూర్చోకుండా, తమ ఫోన్లో, మొబైల్ డేటా మీద, మామూలు సభ్యుడిలా పేరు నమోదు చేసుకుని మొదటి నిమిషం నుంచి చివరి నిమిషం దాకా పాల్గొనాలి. ఏ మాట వినిపించలేదో, ఏ స్లైడు చదవలేకపోయారో, ఎంత డేటా ఖర్చయిందో, హాజరు నివేదికలో తమ పేరు ఎన్ని వరుసల్లో పడిందో రాసుకోవాలి. ఆ కాగితాన్ని మార్చకుండా సభ్యులందరికీ పంపండి.

ఇట్లు,
ఆన్‌లైన్ శిక్షణల సాంకేతిక నిర్వాహకులు